మంచుగీత

తార్తూలో డిసెంబరంటే
పగలు ఆరు గంటలు, అదీ అరువు తెచ్చుకున్నట్టు.
నా గదిలో మాత్రం ఏడింటికి ఠంచనుగా తెల్లారుతుంది,
మళ్లీ ఏడింటికి పొద్దుగూకుతుంది.
జూన్‌లో ఊరంతా నిద్రపట్టని వెలుతుర్లో తిరుగుతుంటే
ఇక్కడ పన్నెండు గంటలు కటిక చీకటి.
నా ఎలుకలకు ఎస్తోనియా తెలీదు.

సెంటు పూసుకోను.
ఉప్పుచేప తిన్నరోజు రెండు మాస్కులు కట్టుకుంటాను.
నా ఒంటినిండా ఆస్పెన్ చెక్కపొట్టు వాసనే అంటాడు ఎందెల్,
పెళ్లయిన పందొమ్మిదేళ్ల నుంచీ.
ఆవిరిపెట్టెలో ఉడికి ఆరిన పొట్టు,
వాన వెలిసిన అడవిలా ఉంటుంది.

ఈ వంశానికి వావీ వరసా లేవు.
అన్నకి చెల్లెల్ని, మళ్లీ అన్నకి చెల్లెల్ని,
ఇరవై ఏడు తరాలు నేనే జతకట్టాను.
అప్పుడే అన్నీ అచ్చు ఒకటే అవుతాయట,
ఒకదాని జబ్బు అన్నిటి జబ్బు.
మా అమ్మమ్మ వింటే లేచి కిటికీ మూసేసేది,
పక్కింటివాళ్ల చెవిన పడుతుందని.

పద్నాలుగో వారానికి వెనక కాళ్లు వణకడం మొదలు.
ఆ వణుకు కోసమే ఇంత సంసారం.
మనుషుల్లోనూ ఉన్నారట అలాంటివాళ్లు.
నేను చూసింది ఒక్కాయన్నే,
బస్సులో, టికెట్టు మెషీను దగ్గర
కార్డు ఆనించలేక నాలుగుసార్లు తప్పాడు.
సాయం చెయ్యలేదు. లెక్కపెట్టాను.
అలవాటు.

పేర్లు పెట్టను. చెవికి చిల్లులే అంకెలు.
రెండు వందల పన్నెండుతో నేను మాట్లాడతానని
ఎవరైనా చెబితే నమ్మకండి.
తిడతాను, అంతే.
తొలికాన్పులో ఏడింటినీ తినేసింది మరి,
నడవలో ఎవరో బకెట్టు జారవిడిచినందుకు.
మలికాన్పుకి ఎర్ర ప్లాస్టిక్ గుడిసె ఇచ్చాను.
ఎరుపు వాటి కంటికి చీకటే.
గుప్పెడు కాగితప్పీలికలు, నాలుగు పొద్దుతిరుగుడు గింజలు.
కొత్త మగవాసన సోకితే చూలు కరిగిపోతుందని
పక్క వరసంతా ఖాళీ చేయించాను.
అప్పటినుంచీ బాలింత ఉన్న పెట్టె తెరిచేముందు
మూతమీద గోటితో రెండుసార్లు గీకుతాను:
నేనే, ఇంకెవరూ కాదు.

తొమ్మిది పిల్లలు. చిక్కుడుగింజంత, గులాబిరంగు.
పల్చటి పొట్టలో పాలు తెల్లగా కనబడితే చాలు,
ఆ రోజుకి నాకు భోజనం చేసినట్టే.

మార్చిలో డాక్టర్ రైదో వచ్చి
గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.
డబ్బు అయిపోయిందనలేదు.
భద్రపరుస్తున్నాం అన్నాడు.
నాలుగు వందల పిండాలు, గడ్డిపరకంత గొట్టాల్లో,
నేలమాళిగలో, ద్రవ నత్రజని తొట్టిలో.
యాభై ఏళ్లకైనా కరిగించి లేపుకోవచ్చట.
"కాబట్టి, ఉర్వె..." అని ఆగాడు.
ఆ కాబట్టికి అవతల
నూట నలభై పెట్టెలున్నాయి.

శుక్రవారం కుర్రాళ్లు చేస్తామన్నారు.
నేను వద్దన్నాను.
జాలితో కాదు. తెలియని చేతులు దిగితే
బెదిరి మూలకి చేరతాయి.
నా చేతికైతే ఎదురొస్తాయి.
ఎదురొచ్చాయి.
గ్యాసు నెమ్మదిగా వదలాలి, తొందర కూడదు.
కార్డుమీద కారణం రాయడానికి మూడే గళ్లున్నాయి.
నాలుగోది స్కేలుతో నేనే గీసి
ఖాళీగా వదిలేశాను.

ఇప్పుడా గదిలో చారల చేపలు పెడుతున్నారు.
నాకు బుధవారాలు తొట్టి డ్యూటీ.
చెక్కబద్ద అడుగుదాకా దించి
పైకి తీసి గాల్లో ఊపితే
నత్రజని ఉన్నమేరా తెల్లగా మంచు కడుతుంది.
ఆ గీత చూసి రాసుకోవడం, అంతే పని.

మూత తెరిచేముందు మాత్రం
గోటితో రెండుసార్లు.
లోపలున్నవాటికింకా చెవులే మొలవలేదు,
తెలుసు నాకు.

ముప్పై ఒక్క సెంటీమీటర్లు.
రాశాను.